చివరి నక్షత్రం దగ్గర

"మీ ఆటలో దయాదాక్షిణ్యాలు లేవమ్మా! మీవాళ్ళకి చెప్తానన్నావు, చెప్పావా?"

లోపలికి వచ్చిన అమ్మాయి ఇంకా చెప్పులైనా విడవలేదు, మాస్టారు అందుకున్నారు.

"మళ్ళీ ఏమైంది సార్?"

"ఏమవుతుంది? మళ్ళీ అక్కడే ఇరుక్కున్నాను."

మాస్టారు ఒకప్పుడు కాలేజీలో లెక్కలూ, తర్వాత కంప్యూటర్లూ చెప్పేవారు. ఇప్పుడాయన లోకమంతా కిటికీ పక్కన బల్ల, దానిమీద పాత కంప్యూటరు, అందులో ఈ ఒక్క ఆట. నల్లటి తెర మీద పచ్చటి గీతలతో గీసిన, నక్షత్రాల మధ్య తిరిగే చిన్న ఓడ. ఒక నక్షత్రం దగ్గర ధాన్యం కొని, పంటలు లేని చోటికి తీసుకెళ్ళి అమ్మాలి. అక్కడ యంత్రాలు చవగ్గా దొరికితే ఇంకోచోటికి చేరవెయ్యాలి. దారికాచే దొంగల్ని తప్పించుకోవాలి. పొద్దున ఏం తిన్నారని అడిగితే మాస్టారు తడుముకుంటారు గానీ, ఏ నక్షత్రం దగ్గర ఏ సరుకు చవకో నిద్రలో లేపి అడిగినా చెప్పేస్తారు.

ఈ అమ్మాయి రోజూ సాయంత్రం మెడలో ఆఫీసు కార్డు వేలాడేసుకుని వస్తుంది. ఆట తయారుచేసిన కంపెనీ మనిషని మాస్టారు మొదటిరోజే పసిగట్టారు. ఫిర్యాదులు వినడానికి ఇంటికి మనిషిని పంపే కంపెనీ ఈ కాలంలో ఎక్కడుంది? అందుకే కోపమంతా ఆట రాసినవాడి మీదే గానీ, ఈ పిల్ల మీద ఆయనకెప్పుడూ లేదు.

"చూడు" అన్నారు తెర చూపిస్తూ. "ఇది ఆఖరి నక్షత్రం. ఇంతదూరం వచ్చేసరికి ఇంధనం అయిపోతుంది. ఇక్కడ కొనేవాడు లేడు, అమ్మేవాడు లేడు. పిలిస్తే పలికే దిక్కులేదు. నమ్మి వచ్చినవాణ్ణి నడిసముద్రంలో ముంచడం కాదూ ఇది? ఇది రాసినవాడెవడో గానీ, వాడిది గుండె కాదు, బండ!"

"ఇక్కడికి వచ్చాక మీరేం చేస్తారు సార్?"

"ఏం చేస్తాను? కడుపు మండి కట్టేస్తాను."

ఆయన వేలు అప్పటికే మీట మీదికి వెళ్ళింది. అమ్మాయి ఆ చేతిని మెల్లగా పట్టుకుంది.

"ఇవాళ కట్టెయ్యొద్దు. ఏదీ నొక్కకుండా కూర్చోండి."

"ఊరికే కూర్చుంటే ఎవడొస్తాడు?"

"చూద్దాం సార్."

ఇద్దరూ కూర్చున్నారు. తెర మీద ఓడ కదల్లేదు. వీధిలో ఎవరో బండి స్టార్టు చెయ్యడానికి తంటాలు పడి, చివరికి తోసుకుంటూ పోయారు. మాస్టారికి ఓపిక పోయింది. లేవబోతుంటే అమ్మాయి భుజం మీద చెయ్యివేసి ఆపింది.

అప్పుడు తెర మూలన ఒక చుక్క కదిలింది.

"దొంగలే!"

"కాదు సార్. చూడండి."

చుక్క దగ్గరికొచ్చి పడవైంది. మూడు గీతలతో గీసిన బుల్లి పడవ. తుపాకీ లేదు, జెండా లేదు. ఏదో ఒలికిపోతుందేమోనన్నట్టు అటూ ఇటూ ఊగుతూ వచ్చి మాస్టారి ఓడని ఆనుకుంది. ఇంధనం ముల్లు కొద్దికొద్దిగా పైకి లేచింది. పడవ బేరం అడగలేదు. వచ్చినట్టే ఊగుతూ వెళ్ళిపోయింది. తెర అడుగున రెండు మాటలు కనిపించాయి: 'ఇక బయల్దేరు.'

మాస్టారు తెర మీదికి వంగి ఆ మాటల్ని మళ్ళీ చదువుకున్నారు.

"ప్రతిదానికీ బేరమాడే ఆటలో ఊరికే ఇచ్చిందేమిటి?" అన్నారు. "ఇది రాసినవాడికి ఏదో జరిగిందమ్మా."

అమ్మాయి కిటికీ వైపు తిరిగింది.

"ఈ ఆట రాస్తున్నప్పుడే ఆయన భార్య పోయారట సార్. ఆయన కుర్చీలోంచి లేచేవారు కాదట. తిండి లేదు, ఎవరితో మాటా లేదు. ఇంట్లో నాలుగేళ్ళ కూతురు. దానికేం తెలుస్తుంది? గ్లాసునిండా నీళ్ళు పోసుకుని, రెండు చేతులా పట్టుకుని, సగం నేలపాలు చేసుకుంటూ తెచ్చి ఆయన పక్కన పెట్టి వెళ్ళేదట."

"తాగాడా?"

"చాలా రోజులు ముట్టుకోలేదు. ఒకరోజు తాగారు. లేచి దానికి తల దువ్వారు."

మాస్టారు చొక్కా అంచుతో కళ్ళు ఒత్తుకున్నారు.

"ఆ పడవ ఆ పిల్లేనన్నమాట! నోటికొచ్చినట్టు తిట్టిపోశాను కదమ్మా వాణ్ణి."

"ఆయనేమీ అనుకోరు సార్."

"ఉన్నాడా?"

"ఉన్నారు."

"మరి ఆ పిల్ల?"

"అదీ ఉంది. ఉద్యోగం చేసుకుంటోంది."

"తండ్రిని చూసుకుంటోందా?"

"చేతనైనంత."

"పోనీలే, ఒంటివాడు కాడు." మాస్టారి గొంతులో ఎక్కడలేని ఊరట. అంతలోనే అమ్మాయి వైపు జరిగి, చేతులు రెండూ పట్టుకున్నారు. "ఒక్కసారి నన్ను ఆయన దగ్గరికి తీసుకెళ్ళమ్మా. తప్పయిందని చెప్పుకోవాలి. ఎలా ఉంటాడు మనిషి?"

అమ్మాయి ముడతలు పడ్డ ఆ ముఖంలోకి చాలాసేపు చూసింది.

"నీలాగే ఉంటాడు, నాన్నా."