పుదీన కోసం వచ్చే అవ్వ

మళ్ళీ కాలింగ్ బెల్ మోగింది.

ఇందు చేతిలోని పెయింట్ బ్రష్ పక్కన పడేసి, విసుగ్గా తలుపు తీసింది.

అనుకున్నట్టే, ఆ ముసలావిడే.

"జరంత పుదీన ఇస్తవా బిడ్డా?"

"నిన్ననే కదా అవ్వా తీస్కపోయినవ్!"

"అయిపోయింది బిడ్డా."

జవాబు కోసం ఆగకుండా ఆమె నేరుగా వంటింట్లోకి నడిచింది.

హన్మకొండలోని ఆ మేడమీది ఇంట్లోకి ఇందు, ఆమె భర్త జీవన్ ఈ మధ్యనే అద్దెకు దిగారు. వంటింటి కిటికీ గట్టు మీద ఇందు చిన్న తోట పెంచుతోంది. పాత టీ డబ్బాలకు అడుగున చిల్లులు పెట్టి, నీలం రంగు వేసి, తెల్లటి చుక్కల ముగ్గులు దిద్ది పుదీన, కొత్తిమీర, వామాకు, నిమ్మగడ్డి నాటింది.

చూసేవాళ్ళకు అది ముచ్చట. ఆమెకు మాత్రం అది మందు.

కరోనా తగ్గినా, దాంతో పోయిన వాసన ఆమెకు తిరిగి రాలేదు. పాలు మాడినా తెలియదు. ఘాటైన ఆకులు రోజూ నలిపి వాసన చూస్తుండమన్నాడు డాక్టరు.

నిద్ర లేస్తూనే వామాకు నలిపి ముక్కు దగ్గర పెట్టుకునేది. ఏమీ తెలిసేది కాదు. ఇంకో ఆకు తుంచేది. మనసు కుదురుగా ఉండేది కాదు. మళ్ళీ ఇంకొకటి.

ఆ ఆకుల్నే ఈ ముసలావిడ అడిగి పట్టుకుపోతోంది.

పోనీ, తీసుకుని వెళ్తుందా అంటే వెళ్ళదు. స్టవ్ దగ్గర నిలబడి చుట్టూ చూస్తుంది.

"ఆ కిటికీ తెరువరాదు బిడ్డా."

"తెరిస్తే వడగాలికి మొక్కలు మాడిపోతయ్."

"మొక్కలు మళ్ల మొలుస్తయ్. తెరువు."

ఇందు ఒళ్ళు మండింది.

"నీ పేరేంది? ఏ ఇంట్ల ఉంటవ్?"

"లచ్చవ్వంటరు. గీడనే బిడ్డా" అంటూ చెయ్యి ఎటో ఊపి, నాలుగు రెమ్మలు కొంగులో వేసుకుని వెళ్ళిపోయింది.

ఆమె దిగి వెళ్ళాక కూడా ఇందు తలుపు గడియ మళ్ళీ మళ్ళీ చూసుకుంది.

భోజనానికి వచ్చిన జీవన్‌తో చెప్పింది.

"ఇల్లంత కండ్లతోని కొలుస్తాంది. నాకెందుకో భయమైతాంది."

"ముసలామెకు నాలుగాకులిస్తే ఏమైతది? ఉత్తగ ఫికర్ చెయ్యకు."

ఇక తలుపే తీయకూడదనుకుంది ఇందు.

మర్నాడు పొయ్యి మీద పప్పు పెట్టి, హాల్లో కూర్చుని కొత్త డబ్బాకు రంగు వేస్తోంది. ఆ రోజు బెల్ మోగలేదు. తలుపు దబదబా బాదుతున్నారు.

ఇందు కదలలేదు.

"బిడ్డా! తలుపు తియ్! నీకు దండం పెడత, తియ్!"

బాదుడు ఆగలేదు. ఇందు విసురుగా వెళ్ళి తలుపు తీసింది.

"పుదీన లేదు, ఏం లేదు, పో!"

లచ్చవ్వ ఆమెను తోసుకుని వంటింట్లోకి ఉరికింది. పొయ్యి దగ్గర ఒకసారి వంగి లేచింది. చేత్తో డబ్బాలన్నీ పక్కకు నెట్టేసి కిటికీ రెక్కలు రెండూ బార్లా తెరిచింది.

డబ్బాలు కింద పడ్డాయి. మట్టి, వేళ్ళు, ఆకులు వంటింటి నిండా చెల్లాచెదురయ్యాయి.

"నీకేమన్న పిచ్చా?" ఇందు అరిచింది. "ఎంత కష్టపడి పెంచుకున్ననో తెల్సా?"

లచ్చవ్వ గోడకు ఆనుకుని వణికిపోతోంది.

"స్విచ్ ముట్టకు బిడ్డా... జరసేపు దేన్నీ ముట్టకు. బయటికి నడువు."

"నా ఇంట్లకెల్లి నన్నే పొమ్మంటవా? ఇంకోసారి ఈ గడప తొక్కితే పోలీసులకు ఫోన్ చేస్త!"

రెక్క పట్టుకుని ఆమెను గుమ్మం దాటించింది. తలుపు తెరిచే ఉంచి, కళ్ళ నీళ్ళతో నేల మీద కూర్చుని మొక్కలు ఏరసాగింది.

కాసేపటికి మెట్ల మీద జీవన్ కేక వినిపించింది.

"ఇందూ! బయటికి రా! గ్యాస్ వాసన!"

ఆమెను బయటికి లాగి, గాలి ఆడేదాకా ఆగి, తానొక్కడే లోపలికి వెళ్ళి చూసొచ్చాడు.

"పప్పు పొంగి మంట ఆరిపోయింది. గ్యాస్ పోతనే ఉండాలె. సిలిండర్ ఎవరు బంద్ చేసిన్రు? నువ్వేనా?"

ఇందు మెట్ల వైపు తిరిగింది.

"లచ్చవ్వ" అంది.

మెట్లు దిగి పరుగెత్తింది. గేటు దగ్గర ఎవరూ లేరు. రోడ్డు మీదా లేరు. కింది వాటాలో ఉండే సమ్మమ్మ నల్లా దగ్గర బట్టలు ఉతుకుతోంది.

"సమ్మమ్మా, లచ్చవ్వ ఇల్లెక్కడ?"

"గీడెక్కడిదమ్మా? వర్ధన్నపేట అవుతల ఏదో పల్లె. దినాం బస్సెక్కి వచ్చేది. ఇగ రానని ఏడ్సుకుంట పోయింది."

"ఏ పల్లె?"

"తెల్వది. ఎన్నడడగలే."

"పుదీన కోసం దినాం అంత దూరంకెల్లి వచ్చేదా?"

సమ్మమ్మ చేతులు ఆగిపోయాయి.

"ఓనరు సారు చెప్పద్దన్నడు. చెప్తే ఇల్లు కిరాయికి ఎవ్వలు దిగరట."

"ఏంది చెప్పద్దన్నది?"

సమ్మమ్మ తలెత్తి పైనున్న వంటింటి కిటికీ వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించింది.

"మీకన్న ముందు ఆ ఇంట్ల ఉన్నది ఆమె బిడ్డ లావణ్యనే అమ్మా... తలుపులు, కిటికీలు అన్ని మూసున్నప్పుడు, గ్యాస్ లీకైంది తెల్వక పొయ్యి ముట్టిచ్చింది."