సగం చందా

అతను మెట్లెక్కక ముందే అతని భుజాన ఉన్న సంచి ఆమె కంట పడింది.

సంచి మీద డిజైన్ సాఫ్ట్‌వేర్ కంపెనీ గుర్తు ఉంది.

ఆమె చేతిలో ఉన్న యూనిఫాం చొక్కాను గబగబా కంప్యూటర్ మీద కప్పేసింది.

ఆమెది ఎంబ్రాయిడరీ కొట్టు. బడిపిల్లల చొక్కా జేబుల మీద బ్యాడ్జీలు కుట్టడం పని. ఏం కుట్టాలో మిషన్‌కు చెప్పేది కంప్యూటర్. కంప్యూటర్‌కు ఆ విద్య నేర్పేది సాఫ్ట్‌వేర్. ఒకప్పుడు దాన్ని ఒక్కసారి కొంటే సరిపోయేది. ఇప్పుడు నెలనెలా చందా కట్టాలి.

ఆ కంప్యూటర్ పెళ్లయిన కొత్తలో కొన్నది. సాఫ్ట్‌వేర్‌లో కొత్తగా వచ్చినవేవీ అందులో తెరుచుకోవు. తెరవబోతే తెర బిగుసుకుపోతుంది. చందా మాత్రం కొత్త కంప్యూటర్ల వాళ్లతో సమానం.

అయినా ఆమె ఏనాడూ నోరెత్తలేదు. పాతదని తెలిస్తే మొత్తానికే ఆపేస్తారని భయం.

"నేను కంపెనీ..." అని మొదలుపెట్టాడతను.

"తెలుస్తూనే ఉందిలెండి. ఏం కావాలి?"

"మీ కంప్యూటర్ ఒకసారి చూడొచ్చామ్మా?"

"బాగానే ఉంది. చూసేదేముంది?"

"కొత్త డిజైన్లు తెరుచుకుంటున్నాయా?"

"అన్నీ తెరుచుకుంటున్నాయి."

"మధ్యలో ఆగిపోవడం లేదూ?"

"అస్సలు లేదు."

మూల కూర్చుని దారపు కొసలు కత్తిరిస్తున్న అత్తగారు తలెత్తింది. "అదేంటే, నిన్ననేగా దాన్ని తిట్టిపోశావు."

"మీరూరుకోండత్తయ్యా."

అతను చొక్కా కింద నుంచి తొంగిచూస్తున్న కంప్యూటర్ వైపు కాసేపు చూశాడు.

"నిజం చెప్తే మీకే మేలమ్మా," అన్నాడు మెల్లగా. "ఎవర్నడిగినా ఇదే మాట చెప్తున్నారు. ఒక్కరైనా..."

"మాకు బోలెడు పనుంది. మీరిక వెళ్లండి."

అతను సంచి భుజాన సర్దుకున్నాడు. చెప్పు తెగినట్టుంది, కాలీడ్చుకుంటూ వీధిలోకి దిగాడు.

"ఎండన పడి వచ్చాడు. కూర్చోమని కూడా అనకపోతివి," అంది అత్తగారు.

"కూర్చోబెడితే మన కొంప ముంచి పోతాడు."

రెండు రోజులకే అంత పనీ అయింది. పొద్దున్నే కంప్యూటర్ తెరిస్తే తెర మీద ఒకటే ముక్క: ఈ కంప్యూటర్ పాతది, ఇందులో ఇక సాఫ్ట్‌వేర్ పనిచేయదు.

బల్ల మీద చొక్కాలు గుట్టగా పడి ఉన్నాయి. బళ్లు తెరిచే రోజులు దగ్గర పడ్డాయి.

"చెప్పానా అత్తయ్యా? వాడే వెళ్లి చెప్పేశాడు."

ఆమె తిన్నగా కంపెనీ ఆఫీసుకు వెళ్లింది. మేనేజర్ ఆమె గోడు సగం విని తల అడ్డంగా ఊపాడు.

"పాతవి ఆపేయమని పైనుంచి ఆర్డరమ్మా. నా చేతిలో ఏం లేదు."

"మరి మీ మనిషి కొట్టుకొట్టుకూ తిరిగి కూపీ లాగడమేంటండీ?"

మేనేజర్ తలెత్తి మొదటిసారి ఆమెను సరిగ్గా చూశాడు. "మా మనిషా? ఎలా ఉంటాడు?"

ఆమె చెప్పింది.

మేనేజర్ లేచి కుర్చీ చూపించాడు. కాఫీ తెప్పించాడు. "అతనితో మాకూ ఇబ్బందిగానే ఉంది," అన్నాడు. "అతను చేసిందంతా ఈ ఫోన్‌లో రికార్డయ్యేలా చెప్పండి. సాయంత్రానికి మీ లాక్ నేను తీయిస్తాను."

చెబుతున్నకొద్దీ ఆమెకు కోపం పెరిగింది. కంపెనీ పంపితే వచ్చానన్నాడని చెప్పింది. వద్దంటున్నా లోపలికి జొరబడ్డాడని చెప్పింది. బెదిరించాడని కూడా చెప్పింది.

"మీ కంప్యూటర్‌తో ఇన్నాళ్లూ ఏ ఇబ్బందీ లేదు కదా?"

"లేదండి."

"కట్టే చందా సబబుగానే ఉందంటారా?"

ఆమె నోటి దాకా వచ్చిన మాట ఆగింది. చొక్కాల గుట్ట కళ్లముందు మెదిలింది.

"సబబుగానే ఉందండి."

సాయంత్రానికి మిషన్ మళ్లీ టకటకలాడింది. చొక్కాలు వేళకు బడికి చేరాయి.

వారం తిరక్కుండా టోపీల తాత వచ్చాడు. పక్క వీధిలో ఆయనదీ ఎంబ్రాయిడరీ కొట్టే. టోపీల మీద పేర్లు కుడతాడు కాబట్టి ఆ పేరు.

"నీ మిషన్ చప్పుడు విని వచ్చానమ్మా. నాది తెరుచుకోలేదు. కొట్టు ఎత్తేస్తున్నా. దారాలేమైనా కావాలేమోనని."

"ఎత్తేయడమెందుకు తాతా? మళ్లీ తెరుస్తార్లే."

"ఇంకెక్కడ తెరుస్తారు? వినియోగదారుల ఫోరంలో కేసు కూడా పోయింది."

"ఏం కేసు?"

"పాత కంప్యూటర్లు ఆపేయకూడదని. వాటిలో సగం పనే జరుగుతుంది కాబట్టి సగం చందాయే తీసుకోవాలని. వాడుకునేవాళ్లు ఒక్కరొచ్చి ఇబ్బంది చెప్పినా నిలబడేదట. కేసు వేసినతను నా దగ్గరికీ వచ్చాడు. ఎవరో ఏమోనని భయపడి, అంతా బాగుందని అబద్ధం చెప్పి పంపేశాను. తర్వాత సంగతి తెలిసి ఫోరానికి పరిగెత్తా. అప్పటికే కంపెనీవాళ్లు ఎవరో ఆడమనిషి మాటలు వినిపిస్తున్నారు. ముఖం చూపించలేదు. గొంతొక్కటే."

ఆమె మిషన్ ఆపింది.

తాత ఆమె వైపు చూడలేదు. దారపు కండెలు ఒక్కొక్కటే తీసి బల్ల మీద పెడుతున్నాడు.

"ఇప్పుడు పోలీసులు ఎదురు ఆ కేసు వేసినతన్నే పట్టుకున్నారు. కంపెనీ పేరు చెప్పుకుని కొట్లలో జొరబడ్డాడట."

"కేసు వేసింది... ఎవరు తాతా?"

"అతనే. భుజాన సంచితో ఎండలో పడి తిరిగాడే."

"అతను కంపెనీ మనిషి కదా?"

"ఒకప్పుడమ్మా," అన్నాడు తాత వెళ్లడానికి లేస్తూ. "పాత కంప్యూటర్ల వాళ్ల దగ్గర సగమే తీసుకుందామని పట్టుబట్టినందుకు కంపెనీ వెళ్లగొట్టిన మనిషి."