మార్చని పేరు

తలుపులకు గడియలు పోయి చాలా ఏళ్లయింది. ఇప్పుడు తలుపు కొంటే దాంతోపాటు ఓ ఖాళీ తెర చేతిలో పెట్టి పంపేస్తున్నారు. వీడియో పాఠాలు చూసి, జావా కోడింగ్ నేర్చుకుని, బటన్లు ఎవరింటికి వాళ్లే తయారుచేసుకోవాలి.

మంగతాయారు మొదటి పాఠం చూసి, పంతులమ్మ రాసింది రాసినట్టు దింపేసి, స్నానాలగది తలుపుకి పేరు పెట్టింది. తెర మీద "తెరువు" అని ఆకుపచ్చ బటన్ గీసింది. అంతలో పప్పు పొంగిపోతోందని వంటింట్లోకి పరిగెత్తింది. బటన్‌కి పని నేర్పే రెండో పాఠం అలాగే ఉండిపోయింది.

ఈలోగా అత్తగారు సూరమ్మ స్నానానికి వెళ్లడం, తలుపు దానంతటదే బిగుసుకోవడం అయిపోయాయి.

బటన్ ఎంత నొక్కినా ఉలకదు, పలకదు. రెండో పాఠం పెడితే ముందు ప్రకటనలు.

"ఊపిరాడట్లేదే తాయారూ," అంటోంది లోపల పెద్దావిడ. తాయారు తలుపుని దబదబా బాదింది.

ఉన్నట్టుండి తలుపు తెరుచుకుంది.

"అక్కా, మా తలుపు తెరిస్తే మీదీ తెరుచుకుందా ఏంటి?" చప్పుడు విని పక్కింటి జరీనా గోడ అవతల నుంచి అడిగింది. "బటన్ పనిచేసేదాకా రెండో పాఠం చూసి ఆపేశాను. పేరు మాత్రం నేనూ పాఠంలో ఉన్నదే పెట్టేశాను."

తాయారు అక్కడే కూలబడి నవ్వేసింది.

సాయంత్రం ఇద్దరూ రెండో పాఠం చివరిదాకా చూశారు. "తలుపు పేరు తప్పకుండా మార్చండి. లేకపోతే పక్కవాళ్ల బటన్‌కి మీ తలుపు తెరుచుకుంటుంది," అంది పంతులమ్మ.

"మార్చకే," అంది సూరమ్మ. "స్నానానికెళ్లే ముందు జరీనాకి ఓ కేకేసి వెళ్తాలే."