ఆర్కుట్ గులాబీ

హైమ ఇడ్లీ ప్లేటు ముందు కూర్చుంది. గుండె ఎంత గట్టిగా కొట్టుకుంటోందంటే, ఆ చప్పుడుకి పక్కింటి కుక్క ఉలిక్కిపడి లేచి మొరిగింది.

"తినవేం?" అన్నాడు భర్త శ్రీకాంత్.

"ఇవాళ చెరువు కేసండీ."

"అయితే ఇడ్లీ తినకూడదా?"

"నిన్న కూరల మార్కెట్లో బంగార్రాజు గారు కనిపించారు."

శ్రీకాంత్ చేతిలో చట్నీ గిన్నె గాల్లోనే ఆగిపోయింది.

ఒకే చేపల చెరువు. దాని కోసం కొట్టుకుంటున్న అన్నదమ్ములిద్దరు. అన్న తరఫు లాయరు ఫణీంద్ర, తమ్ముడి తరఫు లాయరు బంగార్రాజు. చెరువు ఎవరిదన్నది ఇప్పుడు హైమ చెప్పే మాట మీదే ఆధారపడి ఉంది.

హైమ చేసిన నేరం ఒక్కటే. 2007లో అందరూ చేసిందే. కంప్యూటర్‌లో స్నేహాలు కలిపే ఆర్కుట్‌లో చేరింది. అదీ హైదరాబాద్‌లో ఉన్న చెల్లెలు లావణ్య పోరు పడలేక. చేరిన వారానికే ఫణీంద్ర స్నేహం కావాలని అడిగాడు. 'నో' అని కూడా బటన్ ఉంది. కానీ గోదావరి జిల్లాలో పుట్టినవాళ్ళకి ఎదుటి మనిషి అంత మర్యాదగా అడిగాక ఆ బటన్ కంటికి కనపడదు. 'ఎస్' నొక్కేసింది.

మర్నాడే ఫణీంద్ర ఆమె పేజీలో, లోకమంతా చూసేలా, గులాబీ పువ్వు పెట్టాడు. మామూలు పువ్వు కాదు. అది మెరిసే మెరుపుకి తణుకు దాకా వీధి దీపాలు అక్కర్లేదు. కింద 'మీ అంత మంచి మనసు ఈ జిల్లాలోనే లేదండి మేడమ్ గారూ' అని రాశాడు.

"ఇంతకీ బంగార్రాజు గారు ఏవన్నారు?"

"బెండకాయలు ఏరుకుంటూ అన్నారండీ. 'మా పాపాయి కంప్యూటర్ నేర్చుకుంటోందండి. మీ పేజీ చూపించిందండి. మీకు స్నేహితులు ఇద్దరేనంటండి. ఒకరు మీ చెల్లెలు గారంటండి. రెండోవారిని నేను గుర్తుపట్టానండి' అన్నారు. అంతే. ఒక్కో బెండకాయ చివరా టక్కున విరిచి చూసుకుని, సంచీలో వేసుకుని, నమస్కారం పెట్టి వెళ్ళిపోయారు."

"ఆ ఫణీంద్రని తీసెయ్ మరి!"

"నిన్నటిదాకా ఉంచి ఇవాళెందుకు తీశారంటారు."

"ఎవరేమనుకుంటే ఏం? నీకు నిజమనిపించింది చెప్పు."

"చెప్పేది నిజమేనండీ. నమ్మేదెవరు? ఫణీంద్ర పార్టీకి అనుకూలంగా చెబితే పువ్వుకి పడిపోయిందంటారు. వ్యతిరేకంగా చెబితే పువ్వు సంగతి కప్పిపుచ్చడానికంటారు. పేపర్లో వేస్తారు. పరీక్ష రాసి తెచ్చుకున్న ఉద్యోగం పోతుంది."

"పోనీ జ్వరమని మానేయ్."

"నేను వెళ్ళకపోతే మళ్ళీ వాయిదా. ఇప్పటికే ఆ చెరువులో చేపలకి మనవలు పుట్టేశారు."

ఇడ్లీ ముట్టకుండానే లేచింది.

కోర్టు హాలు పక్క గదిలో ఫ్యాను తిరుగుతూనే ఉంది. హైమకి చెమట కారుతూనే ఉంది. కోర్టు బంట్రోతు చంద్రరావు తలుపు సందులోంచి తల పెట్టాడు.

"అమ్మగారండీ, అందరూ వచ్చేశారండి."

"బంగార్రాజు గారు?"

"ముందు వరసలోనే ఉన్నారండి. చేతిలో ఏదో కలర్ కాగితం ఉందండి. గులాబీ పువ్వులా ఉందండి."

హైమ మంచినీళ్ళ గ్లాసు అందుకుంది. సగం నీళ్ళు నోట్లోకి వెళ్ళాయి, మిగతా సగం చంద్రరావు మీద పడ్డాయి.

కళ్ళు మూసుకుంది. ఆయన ఆ కాగితం పైకెత్తక ముందే, అందరి ముందూ తనే చెప్పేయాలి. ఫణీంద్ర స్నేహం సంగతి, ఆ పువ్వు సంగతి, ఇక ఈ కేసులో నోరు విప్పే అర్హత తనకి లేదన్న సంగతి. ఆ తర్వాత ఉద్యోగం ఉంటే ఉంటుంది, ఊడితే ఊడుతుంది.

లేచింది. చంద్రరావు తలుపు తెరిచాడు.

ఫణీంద్ర, బంగార్రాజులతో సహా హాల్లో ఉన్నవాళ్ళంతా ఒక్కసారిగా లేచి నిలబడితే, హైమ మెట్లెక్కి వెళ్ళి జడ్జి కుర్చీలో కూర్చుంది.