మూతికి నల్లగుడ్డ

"మౌనదీక్ష నిన్ననే అయిపాయె. ఇయ్యాల నినాదాలు. మూతికున్న గుడ్డ విప్పరా అబ్రార్!"

తొర్రూరు రిలే దీక్షా శిబిరంలో ముత్యం గొంతు బొంగురుగా మోగింది. మైకు వదలని గొంతు మరి. రాస్తారోకోలో తిన్న లాఠీదెబ్బలకు ఒళ్లంతా సలుపుతున్నా మనిషి శిబిరం వదల్లేదు.

ఎప్పుడూ ముత్యం పక్కనే ఉండి 'జై తెలంగాణ' అని గర్జించే అబ్రార్ ఆ రోజు దూరంగా, గుడారం మూలకు జరిగి కూర్చున్నాడు.

"జర ఉండనియ్యన్నా. పట్నంల పందుల జ్వరం తిరుగుతుందంట."

"పంది పేరే ఎత్తనోనికి పందుల జ్వరమెట్లొస్తదిరా?"

గుడారమంతా గొల్లుమంది.

"భయమైతే ఇంట్ల పండు. లేకుంటే అమ్ముడువోయినవా?"

అబ్రార్ గుడ్డ ముడి ఇంకా బిగించుకున్నాడు. ముత్యం లేచి ఆ గుడ్డ గుంజి పారేశాడు. సాయంత్రం దీక్ష విరమించేటప్పుడు నిమ్మరసం అందరికీ ఒకే గ్లాసులో తిరుగుతుంది. మాలో కులం లేదు, మతం లేదు అని చాటే పద్ధతి అది. ముత్యం ఒక గుక్క తాగి, అదే గ్లాసు అబ్రార్ నోటికి పెట్టాడు.

వారం తిరక్కుండానే అబ్రార్ వరంగల్ దవాఖానలో పడ్డాడు.

"జ్వరం, దగ్గు, గొంతునొప్పి, ఒళ్లునొప్పులు. మామూలు పడిశమే అనుకుంటారు," వరండాలో డాక్టరమ్మ కసిరింది. "ఆస్తమా ఉన్నవాళ్లకు, గర్భిణులకు ఈ స్వైన్‌ఫ్లూ ప్రాణం మీదికొస్తుంది. ఆయాసం మొదలవగానే తేవాలి. పెదవులు నీలమయ్యాక తెస్తే ఎట్లా?"

అబ్రార్‌కు చిన్ననాటి నుంచీ ఉబ్బసం. ముత్యానికి తెలియనిది కాదు. జబ్బు నలుగురికీ అంటకూడదని మూతి కట్టుకున్నవాణ్ణి పట్టుకొని అమ్ముడుపోయావా అన్నాడు. ఆ నాలుక తెగిపడినా బాగుండేది.

"ఏడ్వకు బేటా," అబ్రార్ తల్లి అజ్మత్ బీ అతని భుజం నిమిరింది. "నువ్వంటే పానమిస్తడు వాడు."

ఆ మాట లాఠీకన్నా గట్టిగా తగిలింది.

ముక్కూమూతీ కప్పుకొని ముత్యం లోపలికి పోయాడు. అబ్రార్ డొక్కలు ఎగిరెగిరి పడుతున్నాయి.

"జ్వరమున్నదని ఒక్క మాట చెప్పకపోతివి తమ్మీ! నన్ను మాఫ్ చెయ్యిరా."

అబ్రార్ ఆక్సిజన్ మాస్కు కొంచెం పక్కకు జరిపాడు.

"ఆ దినం నాకేం లేదన్నా."

"మరి గుడ్డెందుకు కట్టుకుంటివి?"

"అందరి ముంగట నీ ఇజ్జత్ పోతదని చెప్పలే." అబ్రార్ ఊపిరి కూడదీసుకున్నాడు.

"దగ్గింది నువ్వు."