పన్నెండో గడి

"పన్నెండో గడి కనవడ్డదా, బిడ్డా?"

పొద్దుటి నుంచి దేవవ్వ ఆ మాట అడగడం అది నాలుగోసారి.

"ఇంకా లేదవ్వా. తొమ్మిదోది నడుస్తున్నది," అంది కల్యాణి, కెమెరా మీంచి తల ఎత్తకుండానే.

కోరుట్లలోని కులసంఘం భవనంలో కిటికీలన్నిటికీ నల్లగుడ్డలు కట్టారు. నేల మీద ముప్పై అడుగుల పటం పరిచి ఉంది. నేతపనివాళ్ల కులపురాణాన్ని గడులు గడులుగా బొమ్మలు గీసిన పాత బట్ట అది. మూడు తరాల దీపాల పొగ, చేతుల జిడ్డు పట్టి బొమ్మలన్నీ మసకబారాయి. కల్యాణి ఒక్కో గడి మీద పదహారు రకాల దీపాలు ఒకదాని తర్వాత ఒకటి వెలిగించి ఫొటోలు తీస్తోంది. కొన్నిటి వెలుగు మన కంటికి ఆనదు, కెమెరాకు ఆనుతుంది. ఆ ఫొటోలన్నీ కలిపి కంప్యూటర్ జిడ్డును తీసేస్తే అడుగునున్న గీతలు తేలుతాయి.

ఆ పటం దేవవ్వ భర్త గంగారాంది. ఆయన పోయి ఆరేళ్లయింది.

కల్యాణికి ఆ పటం కొత్త కాదు. ఆమె చిన్నప్పుడు సిరిసిల్లలో వాళ్ల వాడకు గంగారాం ఏటా ఎండాకాలం వచ్చేవాడు. పటం వేలాడదీస్తే చాలు, మరమగ్గాల సాంచలు బందుపెట్టి మరీ జనం కూర్చునేవాళ్లు. మోత ఆగిపోయాక చెవుల్లో మిగిలే ఆ నిశ్శబ్దం, నాన్న అంగీకి అంటుకున్న దూదినూగు, ముందు వరసలో అమ్మ, అమ్మ పక్కన నోరు మెదపకుండా దేవవ్వ. అన్నీ ఇంకా కళ్లముందే ఉన్నాయి. పటం కథ మగవాళ్లే చెప్పాలి. ఆడవాళ్లు వినాలి.

పన్నెండో గడికి వచ్చేసరికి ఆ వినేవాళ్లు కొంగులు కళ్లకు అద్దుకునేవాళ్లు. అది ముసురుకు చీర నేసిన పిల్ల కథ. కరువుకాలంలో ఆ పిల్ల నేసిన చీర కట్టుకుని ముసురు ఆకాశం దిగి వస్తుంది. ఊరు ఊరంతా తడిసి చిందులేస్తుంది. చీర ఎవరు నేశారని మాత్రం ఒక్కరూ అడగరు.

ఆ గడి అప్పటికే మసిబొగ్గులా ఉండేది. "ఆ పిల్ల ఎట్లుంటది తాతా?" అని కల్యాణి అడిగితే, "నీ లెక్కనే ఉంటది," అని నవ్వేవాడు గంగారాం. ఆ పిల్లను ఒక్కసారైనా చూడాలనే ఆమె ఈ పనికి తనంతట తాను వచ్చింది.

మధ్యాహ్నం మూడింటికి పన్నెండో గడి తెర మీదికి వచ్చింది. కల్యాణి దీపాలు మార్చి మళ్లీ తీసింది. మూడోసారీ తీసింది. గీత లేదు, రంగు లేదు. మిగతా గడులన్నీ చేతితో వడికిన నూలు. ఇది మాత్రం మిల్లుబట్ట, ఎప్పుడో వేసిన మాసిక. దాని మీద ఎవరూ ఏనాడూ బొమ్మే గీయలేదు.

ఆమె జగిత్యాలలో ఉన్న హరీశ్‌కు ఫోన్ చేసింది. పటం మీద పుస్తకం తెస్తున్నది ఆయనే.

"బొమ్మ లేకుంటే కథకు ఆధారమేంది, కల్యాణీ? వేరే పటాల్ల కూడ ఆ కథ లేదు. తీసేద్దాం."

"సిరిసిల్ల మొత్తం విన్నది సార్ ఆ కథను."

"విన్నరు, సరే. ఎవరిదని రాద్దాం?"

ఆమె ఫోన్ పెట్టేసింది.

దేవవ్వ గుమ్మం దగ్గర కూర్చుని ఉంది. కల్యాణి వెళ్లి పక్కనే చతికిలబడింది. నలభై ఏళ్లు మొగుడు కర్ర పెట్టి చూపించిన గడి ఉత్తదేనని ఈ ముసలమ్మకు ఏ నోటితో చెప్పడం?

"అవ్వా... గా గడిల బొమ్మ లేదు."

దేవవ్వ ఏడవలేదు. ఎన్నాళ్లదో బరువు దింపుకున్నట్టు ఊపిరి వదిలింది.

"నాకెరుకే బిడ్డా. ఎలుకలు కొరికితే నేనే మాసికేసిన. కొత్తబట్టని ఎవ్వలు గుర్తువట్టద్దని మసి రుద్దిన."

"మరి తాత గిన్నేండ్లు దేన్ని జూసి చెప్పిండు?"

"నా మొకం జూసి."

కల్యాణికి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. ఆ ముడతల చెయ్యిని తన చేతిలోకి తీసుకుంది. ఎంత ప్రేమ ఆయనది!

"పుస్తకంల ఆ కథ తీసేస్తమంటున్నరు అవ్వా. ఎవరిదని రాయాలె అంటున్నరు."

దేవవ్వ కొంగు సవరించుకుంది. ఎవరైనా వింటున్నారేమోనని అటూ ఇటూ చూసింది. తర్వాత కల్యాణి చెవి దగ్గరికి వంగింది.

"నాదని రాయి."