కొత్త బోల్టు

"పాత బోల్టే వేశావు కదూ? నిజం చెప్పు!"

ఆసుపత్రి వరండాలో అక్క, మెకానిక్ చొక్కా పట్టుకుని నిలదీసింది. అలా అడుగుతున్నది తోడబుట్టిన అక్కే. లోపల ఐసీయూలో బావ ఉన్నాడు. పొద్దున తన షెడ్డు నుంచి కారు తీసుకుని నవ్వుతూ బయల్దేరిన మనిషి. మలుపులో ముందు చక్రం ఊడిపోయి కారు పల్టీలు కొట్టింది. విరిగిన బోల్టు తల అక్క చేతిలో ఉంది. కారును లాక్కొచ్చినవాళ్లు ఇచ్చారట.

"నీ మీద ఒట్టక్కా, కొత్తదే! బావ ఎదురుగానే ప్యాకెట్టు సీలు చించాను. 'పాతదే బిగించెయ్ రా, ఇంకో పదేళ్లు ఢోకా ఉండదు' అని బావే అన్నాడు. నేనే వినలేదు. ఒకసారి బిగిస్తే సాగిపోయే బోల్టు అది. అలాంటిది మళ్లీ వేస్తానా?"

వేయడు. ఆ సంగతి వీధిలో అందరూ ఎరుగుదురు. విప్పిన ప్రతి బోల్టు తల మీదా మొనదేలిన ఉక్కు పంచ్ పెట్టి, సుత్తితో మూడు చుక్కలు కొట్టి మరీ మూలనున్న డబ్బాలో పడేస్తాడు, పొరపాటున కూడా ఎవరూ మళ్లీ వాడకూడదని. 'బోల్టులకు పచ్చబొట్లు పొడుస్తున్నాడ్రోయ్' అని తోటివాళ్లు ఎంత ఎగతాళి చేసినా మానలేదు. డబ్బా నిండితే పాత ఇనుము కొనేవాడొచ్చి సంచిలో వేసుకుపోతాడు. ఆ సంచి ఎటు పోతే ఎవరిక్కావాలి!

అక్క బోల్టు తలను వెలుతురులో తిప్పి చూసింది. నల్లగా, నున్నగా ఉంది. చుక్కల్లేవు. చొక్కా వదిలేసింది.

"పిచ్చిదాన్నై ఏదేదో వాగాను రా తమ్ముడూ. మీ బావకి నువ్వు కీడు చేస్తావా?" అంటూ బోల్టు అతని చేతిలో పెట్టి భోరుమంది.

అంతలో తలుపు తెరుచుకుంది. డాక్టరు తల అడ్డంగా ఊపాడు. అక్క నిలువునా కూలిపోయింది.

మెకానిక్ ఆమె పక్కనే గోడకి ఆనుకుని చతికిలబడ్డాడు. ఇంత జాగ్రత్తపడీ బావను కాపాడుకోలేని ఈ చేతులు ఇంక దేనికి? ఏం చేస్తున్నాడో తెలియకుండానే బోల్టు తలను గోటితో గీకుతూ కూర్చున్నాడు. నల్లరంగు పెచ్చులుగా లేచింది.

కొత్త బోల్టుకి రంగెందుకు పూస్తారు? గబగబా ఇంకా గీకాడు.

రంగు కింద, తన పంచ్‌తో తనే కొట్టిన మూడు చుక్కలు.